గీత దిగని నీళ్లు

ఆ సముద్ర పరిశోధనాలయంలో ఆమెను అందరూ వెనకాల ఇనుప మేడం అంటారు. ఇనుమంటే ఇష్టమని కాదు, ఇనుము పేరు చెబితే ఒంటికాలి మీద లేస్తుందని. ఆమె గదిలోకి తాళంచెవులు తీసుకెళ్లకూడదు. గడియారం, ఉంగరం, జేబులో చిల్లర, బెల్టు, జడపిన్ను ఏదీ పనికిరాదు. ఒకసారి డైరెక్టరుగారంతటివారు కళ్లజోడు స్క్రూకి తుప్పు పట్టిందన్న నేరానికి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. లోపలున్న సీసాలను అక్కణ్నుంచే చూసి, చూసినట్టు సంతకం పెట్టి వెళ్లారు.

తమాషా ఏమిటంటే, ఆమె కట్టుకున్నవాడు లేతు మిషను మీద ఇనుము చెక్కే పనివాడు. సాయంత్రం ఆయన ఇంటికొస్తే జుట్టులో, చొక్కా మడతల్లో, చివరికి కనుబొమల్లో కూడా ఇనుప రజను ఉంటుంది. అందుకని ప్రయోగశాలకు కట్టుకెళ్లే బట్టలకు ఆమె వేరే బీరువా పెట్టుకుంది. అది కూడా చెక్కది. దాన్ని ఆయన ముట్టుకోకూడదు. "లోకంలో ఆడవాళ్లు మొగుడి చొక్కా మీద పరాయి వెంట్రుక వెతుకుతారు, మా ఆవిడ ఇనప్పొడి వెతుకుతుంది" అని ఆయన స్నేహితుల దగ్గర చెప్పుకుని నవ్విస్తుంటాడు. ఆమెకు మాత్రం ఇందులో నవ్వు రాదు. ఎందుకు రావాలి? ఆమె కొలిచే ఇనుము ఎంతనుకున్నారు? ఒక ఈతకొలను నిండా ఉన్న నీళ్లలో గుండుసూది తలకాయంత. తల దువ్వుకున్నవాడు పక్కన నిలబడితే చాలు, అంతకు పదింతలు రాలుతుంది.

సముద్రంలో కంటికి కనపడనంత చిన్న మొక్కలుంటాయి. ఒక్కొక్కటీ ఒక్క కణం. మనం పీల్చుకునే ప్రాణవాయువులో పెద్ద వాటా అవి ఇచ్చిందే. చేపల దగ్గర్నుంచి తిమింగలాల దాకా చివరికి బతికేది వాటి మీదే. ఈ నాచుకణాలకు ఎండ ఉన్నా, ఎరువులాంటి లవణాలున్నా చాలదు, లేశమంత ఇనుమూ కావాలి. అది దొరకని చోట ఎంత ఎండ కాసినా సముద్రం నీలంగా, ఖాళీగా ఉండిపోతుంది. ఒడ్డుకు చాలా దూరంగా, అలాంటి ఖాళీ నీళ్లలోంచి ఆమె ఒక నాచుకణాన్ని పట్టుకొచ్చింది. ఓడ మీద ముప్పై ఐదు రోజులు వాంతులు చేసుకుంటూ పట్టుకొచ్చింది. దాన్ని ప్లాస్టిక్ సీసాల్లో పెంచుతూ ఆరేళ్లు కూర్చుంది. ఆఖరికి తేలిందేమిటంటే, ఇనుము దాదాపు లేని నీళ్లలో కూడా అది హాయిగా పెరుగుతోంది. మిగతా నాచులు రెండు వారాల్లో పాలిపోయి అడుగుకు దిగిపోయే చోట, ఇది గోధుమరంగు తిరిగి కళకళలాడుతోంది.

మూడేళ్ల కిందట ఆ సంగతి ఒక పెద్ద పత్రికలో అచ్చయింది. అచ్చు వేసేముందు వాళ్లు ఒక ప్రశ్న వేశారు. ప్రయోగం మొదట్లో నీళ్లలో ఇనుమెంతో కొలిచారు సరే, చివర్లో కూడా కొలిచారా? ఆమెకు ఒళ్లు మండిపోయింది. కొలిచే యంత్రం వేరే సంస్థలో ఉంది, వంతు రావడానికి నాలుగు నెలలు పడుతుంది. అయినా మూత పెట్టిన సీసాలోకి ఇనుము ఎక్కణ్నుంచి వస్తుంది, ఆకాశం నుంచి ఊడిపడుతుందా? ఇదే మాటను కాస్త మర్యాద పూసి రెండు పేజీల జవాబు రాసింది. వాళ్లు నోరు మూసుకున్నారు.

ఆ తర్వాత ఆమె పేరు మారుమోగిందని చెప్పను గానీ, ఆ రంగంలో వాళ్లకు తెలిసింది. సభలకు పిలిచారు. ఎవరో పాఠ్యపుస్తకంలో ఒక పేరా ఆమె పని గురించి రాశారు. యాభై మూడేళ్ల వయసులో, ఎదుగూ బొదుగూ లేని ఉద్యోగంలో, ఆమెకు తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క మాటే.

ఇప్పుడు దానికే ఎసరు వచ్చింది. వేరే దేశంలో ఒక బృందం ఆమె దగ్గర్నుంచే ఆ నాచును తెప్పించుకుని, ఆమె రాసినట్టే పెంచి చూసింది. చచ్చిపోయింది. మూడుసార్లు పెంచారు, మూడుసార్లూ చచ్చింది. వాళ్లు పత్రికకు రాశారు, పత్రిక ఆమెకు రాసింది. ప్రయోగం మళ్లీ చేసి మూడు నెలల్లో ఫలితాలు పంపండి, లేదంటే వ్యాసం సంగతి ఆలోచించాల్సి ఉంటుంది.

"పెంచడం చేతకాక నాచు మీద పడి ఏడుస్తున్నారు" అంది ఆమె. ఆ రోజే, ఇనుము జాడ కూడా లేకుండా పోవాలని సీసాలు ఆమ్లంలో నానబెట్టించింది.

పదహారు రోజులకు ఆమె సీసాల్లోనూ నాచు చచ్చింది.

విత్తనంగా ఇనుమున్న నీళ్లలో వేరే దాచిన నాచుతో మళ్లీ పెట్టింది. మళ్లీ చచ్చింది. ఆమ్లం మార్చింది. లవణాల డబ్బాలు కొత్తవి తెప్పించింది. లైట్లు మార్చింది. సీసాలు పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది గానీ, అవి ప్లాస్టిక్‌వి, పగలవు. తొమ్మిదేళ్లు పెంచిన చేతులివి. నిద్రలో లేపి అడిగినా ఏది ఎంత పొయ్యాలో చెప్పగలదు. అలాంటిది ఇప్పుడు తన నీళ్లలో తన నాచు పాలిపోయి సీసా అడుగున మడ్డిలా పేరుకుంటోంది.

కోపం ఎవరో ఒకరి మీద పడాలి కదా. పరిశోధక విద్యార్థిని మీద పడింది. ఆ పిల్లను అందరూ నిదానం అంటారు. మాట నిదానం, నడక నిదానం, చేతిరాత మరీ నిదానం. మూడేళ్లుగా ఇదే నాచు మీద సిద్ధాంత గ్రంథం రాస్తోంది. ఈ కణానికి ఇనుము లేకుండా బతికే గుణం ఎలా వచ్చిందన్నది దాని విషయం.

"గ్లవ్స్ మార్చుకున్నావా?"

"మార్చుకున్నాను మేడం. ప్రతి సీసాకీ."

"మరి ఎందుకు చస్తోంది?"

ఆ పిల్ల నీళ్లు నమలకుండా నోటుపుస్తకం తెరిచి చూపించింది. అందులో అన్నీ ఉన్నాయి. ఏ రోజు ఏ సీసా ఏ రంగు, గది వేడి ఎంత. చివరి గడిలో ఒక సంగతి ప్రతి వారం రాసి ఉంది. గీత నుంచి నీరు వేలెడు తగ్గింది. తర్వాత రెండు వేళ్లు. తర్వాత మూడు.

ప్రతి సీసా మీద నల్ల పెన్నుతో గీత గీయడం ఆమె పెట్టిన పద్ధతే. నీళ్లు ఆవిరైతే తెలియాలని. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా నీళ్లు గీత దిగలేదు. ఆ మాటను వ్యాసంలో గొప్పగా రాసుకుంది కూడా, ఆవిరై పోయిన నీరు లెక్కలోకి రానంత తక్కువ అని.

"మూత సరిగ్గా పెట్టడం కూడా రాదా నీకు?" అని నిప్పులు చెరిగింది.

"పెడుతున్నాను మేడం" అంది ఆ పిల్ల కళ్లనీళ్లతో. తర్వాత మెల్లిగా, "ఇన్నేళ్లు సీసాల్లో పెరిగింది కదా, దాని గుణమే మారిపోయిందేమో. కొన్ని జాతులకు అలా అవుతుందట. పత్రికకు అలా రాసేద్దామా?" అంది.

"నోరు మూసుకో" అంది ఆమె. కానీ ఆ మాట చెవిలో జోరీగలా ఉండిపోయింది.

మూతల సంగతి తేల్చుకోవాలనుకుంది. ఈమధ్య తెప్పించిన కొత్త మూతలు వదులుగా ఉన్నాయేమో. పాతవి ఎక్కడున్నాయో తెలిసినవాడు ఒక్కడే, బాబాయ్. ఆ ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు అటెండరుగా చేసి, నాలుగు నెలల కిందటే పదవీ విరమణ చేశాడు. ఊళ్లో సగం మందికి ఆయన బాబాయే. ఆయన స్థానంలో ఇంకా ఎవర్నీ వెయ్యలేదు. ఫోను చేస్తే పలకలేదు. ఆదివారం పొద్దున అడ్రసు వెతుక్కుంటూ వాళ్లింటికి వెళ్లింది.

రెండు గదుల ఇల్లు. ఇన్నేళ్లలో ఆమె అక్కడికి వెళ్లడం అదే మొదలు. బాబాయ్ కంగారుపడి కుర్చీ తుడిచాడు. పిన్ని టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. కూర్చున్న చోటికి వంటగది సింకు కనిపిస్తోంది.

"పాత మూతలెక్కడ పెట్టారు బాబాయ్?"

"మెట్ల కింద గదిలో, పసుపు బకెట్లో ఉంటాయమ్మా. వాటితో ఇప్పుడేం పని?"

"కొత్తవి బిగుసుకోవట్లేదు. నీళ్లు ఆవిరైపోతున్నాయి. మీరున్నప్పుడు చుక్క తగ్గేది కాదు."

బాబాయ్ నవ్వాడు. "తగ్గకేం? మూత ఎంత బిగించినా, గదిలో గాలి వడకట్టే ఆ ఫ్యాను అంత జోరుగా తిరుగుతుంటే తగ్గకుండా ఎలా ఉంటాయమ్మా. వారానికి వేలెడు తగ్గేవి. నేను పోసేవాణ్ణి కాబట్టి మీకు తెలిసేది కాదు."

పిన్ని తెచ్చిచ్చిన టీ కప్పు ఆమె కింద పెట్టింది.

"ఏం పోసేవాళ్లు?"

"నీళ్లే."

"ఏ నీళ్లు?"

"మీ నీళ్లు కాదులెండి" అన్నాడు బాబాయ్ గాభరాగా. "ఒకసారి ఆ శుభ్రం చేసిన నీళ్ల డబ్బా ముట్టుకున్నానని మీరు తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయి. మళ్లీ దాని జోలికి పోలేదు. గీత దిగకుండా చూడమన్నారు, డబ్బా ముట్టుకోవద్దన్నారు. ఏం చెయ్యను? మా ఇంటి నీళ్లే పోసేవాణ్ణి. కాచి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి నేను తాగడానికి తెచ్చుకునేవి. మురికినీళ్లు పోస్తానా?"

ఆమె సింకు వైపు చూసింది. కుళాయి కింద తెల్లటి రాయి మీద, నీళ్లు పడే చోట, అరచేతి వెడల్పున ఎర్రటి చార. ఏళ్ల తరబడి పడితే గానీ అంత ముదురు రంగు రాదు. అంత ఇనుమున్న నీళ్లు ఒక్క చెంచాడు చాలు, ఆమె సీసాలో నాచుకు నెల రోజుల విందుభోజనం.

తిండి లేకుండా బతికే నాచు అని లోకమంతా చాటింది తను. దానికి వారం వారం తినిపించింది ఈయన. కోపం పొంగుకొచ్చింది. ఎవరి మీద పడాలో తెలియక అక్కడే ఆగింది. గీత గీసింది తనే. దిగకుండా చూడు అన్నది తనే. దిగితే నాకు చెప్పు అని మాత్రం అనలేదు. అది వేరే చెప్పాలా అనుకుంది.

"ఒక సీసా నీళ్లు ఇస్తారా పిన్నీ?" అని అడిగింది.

"ఎందుకివ్వను? మా నీళ్లు తియ్యగా ఉంటాయని అందరూ అంటారు" అని పిన్ని సంతోషంగా నింపి ఇచ్చింది.

సోమవారం ఆరు సీసాలు పెట్టింది. మూడింటికి ఏమీ కలపలేదు. మూడింటికి వారానికోసారి ఆ నీళ్లు చెంచాడు చొప్పున పోసింది. మూడు వారాలకు పోసినవి గోధుమరంగు తిరిగి కళకళలాడాయి. పొయ్యనివి చచ్చాయి. ఇన్నాళ్లకు ప్రయోగం అనుకున్నట్టు కుదిరింది, అదీ తన కొంప ముంచడానికి.

నిదానం ఆ సీసాల ముందు చాలాసేపు నిలబడింది. "నా థీసిస్?" అంది.

"నీ థీసిస్ కూడా."

"మేడం, ఇది మనకు తప్ప ఎవరికీ తెలీదు కదా. గుణం మారిందని రాస్తే ఎవరూ అడగరు."

ఈసారి ఆమె నోరు మూసుకోమని అనలేదు. ఎందుకంటే రెండు రోజులుగా తనూ అదే ఆలోచిస్తోంది. రాస్తే నమ్ముతారు. తప్పు తన మీదికి రాదు, నాచు మీదికి పోతుంది. నాచుకు నోరు లేదు. ఆ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో కూడా మనసులో రాసేసుకుంది. అలా రాసుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది, అయినా చెరపలేదు.

ఇంట్లో భర్తకు చెప్పింది. ఆయన అంతా విని, "మా దగ్గర ముక్క పాడైతే పక్కన పారేసి ఇంకోటి పెడతాం" అన్నాడు.

"నా ముక్క తొమ్మిదేళ్లదండీ" అని అరిచింది ఆమె.

ఆమెను కదిలించింది నీతీ కాదు, ధర్మమూ కాదు. ఆ వ్యాసం చదివి ఇంకో మూడు చోట్ల పిల్లలు ఇదే నాచును పెంచడం మొదలుపెట్టారు. ఇద్దరు ఆమెకు ఉత్తరాలు రాశారు, మావి ఎందుకు చస్తున్నాయి మేడం, మేమేం తప్పు చేస్తున్నాం అని. వాళ్ల మేడంలు వాళ్లను మూతల కోసం తిడుతూ ఉంటారు. ఈ మూడు నెలలూ తను పడ్డ యాతన గుర్తొచ్చింది. గోడకేసి తల బాదుకోవడం అంటే ఏమిటో ఇప్పుడు ఆమెకు బాగా తెలుసు. అది ఇంకొకరికి పంచిపెట్టడానికి చెయ్యి రాలేదు.

పత్రికకు ఉత్తరం రాయడానికి కూర్చుంది. మొదట, సిబ్బంది పొరపాటు వల్ల సీసాల్లో కుళాయి నీరు కలిసింది అని రాసింది. చదువుకుంది. వ్యాసంలో ఎక్కడా ఆయన పేరు లేదు. కృతజ్ఞతల్లో యంత్రం ఇచ్చిన సంస్థ ఉంది, ఓడ కెప్టెన్ ఉన్నాడు, బాబాయ్ లేడు. మెచ్చుకోలులో చోటు లేనివాణ్ణి తప్పులో మాత్రం తెచ్చి నిలబెట్టడం ఆమెకే మింగుడు పడలేదు. కొట్టేసి, నేనిచ్చిన ఆదేశాల ప్రకారమే నీళ్లు నింపడం జరిగింది, చివర్లో ఇనుము కొలవకపోవడం నా తప్పు అని రాసి పంపేసింది.

పత్రిక వ్యాసాన్ని ఉపసంహరించింది. నాలుగు లైన్ల ప్రకటన వేసింది. డైరెక్టరుగారు పిలిచి, సంస్థ పరువు తీశారని అరగంట వాయించారు. గుమ్మం దగ్గర ఆపిన రోజు బాకీ కూడా కలిపి తీర్చుకున్నారు. నిజం చెబితే మనసు తేలికవుతుందని అంటారు గానీ, ఆమెకు ఏమీ తేలికవలేదు. పొద్దున లేస్తే కోపం, అన్నం ముందు కోపం, ఖాళీ సీసాలు చూస్తే కోపం. నిదానం కొత్త విషయం వెతుక్కుంటోంది. ఆ పిల్ల ఏమీ అనకపోవడం తిట్టిన దానికంటే ఎక్కువగా గుచ్చుకుంటోంది.

ఒక మధ్యాహ్నం బాబాయ్ వచ్చాడు. పెన్షను కాగితం మీద సంతకం కోసం వస్తే ఆఫీసులో గుమాస్తా సంగతంతా చెప్పాడట. అలవాటు ప్రకారం గుమ్మం దగ్గర గడియారం తీసి బల్ల మీద పెట్టాడు. లోపలికి వచ్చి, ఎప్పుడూ లేనిది, చెప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

"నా వల్ల మీ వ్యాసం పోయిందట కదా."

"మీ వల్ల కాదు బాబాయ్."

"నేను పోసిన నీళ్లే కదా. మా ఇంటికొచ్చి మా ఆవిడ చేత నీళ్లు నింపించుకుని వెళ్లారు, ఒక్క ముక్క చెప్పలేదు. ఆవిడ ఇంకా మీకు మా నీళ్లు నచ్చాయని అందరికీ చెప్పుకుంటోంది."

ఆమె తల దించుకుంది. ఈయన క్షమించమని అడగడానికి వచ్చాడేమో, ఓదార్చాల్సి వస్తుందేమో అనుకుంది. ఆయన ముఖంలో అలాంటిదేమీ లేదు. కోపంగా ఉన్నాడు.

"తొమ్మిదేళ్లు మేడం" అన్నాడు. ఎప్పుడూ అమ్మా అనేవాడు. "పొద్దున ఎనిమిదింటికి వచ్చి సాయంత్రం దాకా ఆ గదిలోనే ఉన్నాను. తాళంచెవులు తీశారా, గడియారం తీశారా అని రోజూ అడిగారు. లోపల ఏం చేస్తున్నారని ఒక్కరోజైనా అడిగారా? అడిగితే నీళ్లు పోస్తున్నానని చెప్పేవాణ్ణి. నాకేమన్నా దాచుకునే పనా అది?"

పత్రికవాళ్ల ప్రశ్నకు రెండు పేజీలు రాసిన మనిషికి ఈ ప్రశ్నకు ఒక్క మాట దొరకలేదు. ఇన్నాళ్లూ ఎవరి మీద పడాలో తెలియని కోపం నెమ్మదిగా వచ్చి తన మీద కూర్చుంది.

ఆమె లేచి, అలమరలోంచి కొత్త నోటుపుస్తకం తీసి, ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"ఇప్పుడు అడుగుతున్నాను బాబాయ్. పొద్దున గది తెరిచిన దగ్గర్నుంచి చెప్పండి. ఏదీ వదలొద్దు."

బాబాయ్ నమ్మనట్టు చూశాడు. ఆమె నిజంగానే కలం తీసిందని తెలిశాక సర్దుకుని కూర్చున్నాడు. "ముందు తడిగుడ్డతో బల్లలు తుడిచేవాణ్ణి. తర్వాత సీసాలు ఒక్కొక్కటీ ఎత్తి కాస్త ఊపేవాణ్ణి, అడుగున పేరుకోకుండా. మీరే చెప్పారు. తర్వాత గీతలు చూసుకునేవాణ్ణి. మధ్యాహ్నం గది బాగా వేడెక్కితే నాలుగు లైట్లలో రెండు ఆపేసేవాణ్ణి. వాటికి మాత్రం ఉక్కపొయ్యదా, పాపం."

ఆమె కలం ఆగింది. రోజుకు ఎన్ని గంటల వెలుతురుంటే ఆ నాచు ఎంత పెరుగుతుందన్న దాని మీద ఆమె రాసిన వ్యాసం ఇంకొకటి ఉంది. అది ఇంకా ఎవరూ ప్రశ్నించలేదు.

"రోజూనా?" అంది.

"ఎండాకాలంలో రోజూ."

ఆమె అదీ రాసుకుంది. "ఇంకా?" అంది.